పళ్లెం అంచున ఆకు

గడ్డి నానబెట్టిన రోజు

డబ్బా, నేను ఓదెమ్మను. పుట్టగొడుగుల లెవెల్ నుంచి మాట్లాడుతున్న. ఇంకెవరు మాట్లాడుతరు తియ్యి, ఇక్కడున్నదే నేనొక్కదాన్ని.

రోజూ ఈ డబ్బా ముంగట కూసోని జరసేపు మాట్లాడాలె, అది రూలు. ఏం మాట్లాడినా సరే. పుట్టగొడుగుల పొడి ఊపిరితిత్తులల్ల చేరితే గొంతుల పిల్లికూత లేస్తది. అది లేచిందా లేదా అని ఇండ్ల లెవెల్ల, డాక్టరమ్మ దగ్గరున్న మిషిని వింటది. మాటలు ఎవ్వరూ వినరు. మొదట్ల నాకు తెల్వక "బాగున్నరా, అన్నాలు తిన్నరా" అని మర్యాదగ అడిగేదాన్ని. తర్వాత డాక్టరమ్మనే చెప్పింది, ఓదెమ్మా, నీ మాటలు మాకు రావు, ఊపిరి లెక్క ఒక్కటే వస్తది అని. అప్పటి సంది నోటికొచ్చింది మాట్లాడుతున్న. ఎవరినన్న తిట్టాలనిపించినా ఇక్కడనే తిడుత.

ఇయ్యాల వరి లెవెల్ నుంచి టబ్బుల గడ్డి వచ్చింది. ఎనుకట భూమి లోపలి ఈ లెవెల్లన్నీ బొగ్గుబాయి అయినప్పుడు ఈ టబ్బులల్లనే బొగ్గు పోయేదట. ఇప్పుడు పట్టాల మీద గడ్డి వస్తది, పుట్టగొడుగులు పోతయి. నరికిన గడ్డిని నానబెట్టి, ఉడుకునీళ్లల్ల ముంచి తీసి, ఆరబెట్టిన. పిడికిట్ల పిండితే చుక్క పడొద్దు, అరచెయ్యి మాత్రం తడవాలె. ఆ తడి చూసుడు వస్తే సగం పని వచ్చినట్టే. తర్వాత సంచులల్ల ఒక వరుస గడ్డి, ఒక వరుస విత్తనం, మళ్ల గడ్డి. నడుము పడిపోయింది.

ఇంకో మనిషి ఉంటే సగం పొద్దుల అయిపోయేది. గానీ మనిషి వస్తే మనిషితోని పచ్చబూజు వస్తది. పోయిన ఏడు లైట్లు బాగుచెయ్యడానికి మేస్త్రి ఒకడు వచ్చి జరసేపు ఉండి పోయిండు. పాపం, మూతికి గుడ్డ కూడా కట్టుకున్నడు. అయినా వారం తిరగకముందే సగం సంచులు పచ్చబడ్డయి, అన్నీ సున్నంల పాతిపెట్టిన. అందుకే ఈ లెవెల్‌కు ఒక్కరే ఉండాలె, వంతు అయిపోయేదాక ఒక్కరే. నా వంతు వచ్చే ఉగాదికి అయిపోతది. ఉగాది ఎప్పుడొస్తదో కూడా ఫోన్‌ల ఎవరన్న చెప్తేనే నాకు తెలుస్తది.

ఫోన్ తిరుమల చేసింది. నా చెల్లె బిడ్డ. చెల్లె పోయినంక నేనే సాదిన. ఇప్పుడు మీదికి పోయి ఎండ పలకలు తుడిచే జట్టుల ఉన్నది. ఆ పలకల మీద దుమ్ము పేరుకుంటే మాకు కరెంటు లేదు, కరెంటు లేకపోతే గాలి లేదు, అన్నం లేదు. "పెద్దమ్మా, మా జట్టందరి రక్తంల రక్ష తగ్గిందట" అన్నది. ఏదో జలుబు చేసిందన్నట్టు చెప్పింది. ఎంత తగ్గిందే అంటే, "జరంత, ఊకె భయపడకు" అని మాట మార్చింది.

కోత రోజు

పాల పుట్టగొడుగులు కోతకొచ్చినయి. కత్తి పెట్టొద్దు, వేళ్లతోని పట్టి మెల్లగ తిప్పితే వచ్చేస్తది. కోసినంక గులాబీ లైట్ల కింద ఆకుల మళ్లకు నీళ్లు చల్లిన. కరివేపాకు, పుదీనా, కొత్తిమీర, వామాకు. పుట్టగొడుగుల మధ్యల చీకట్లనే తిరిగీ తిరిగీ ఈ మళ్ల దగ్గరికొస్తే ప్రాణం లేచొస్తది. ఇక్కడ వాసనతోనే నాకు చుట్టరికం.

ప్రతి కోతకు రక్ష చూడాలె. డాక్టర్లు యాంటీ ఆక్సిడెంట్లు అంటరు, మా నోట్ల అది రక్ష అయింది. మీదికి పోయేటోళ్ల ఒంట్లె అది సరిపడ లేకపోతే ఆ ఎండ లోపలికంట దిగుతది, లేచిన పుండు మానదు. ఇది మందులు దొరికే కాలం కాదు. పుట్టగొడుగుల కొంత, ఆకుల కొంత, రెండూ కలిసి కడుపులకు పోతేనే మనిషికి కావల్సినంత అవుతది.

పరీక్ష పెద్దపని ఏం కాదు. ఎండబెట్టి, పొడిచేసి, సారం తీసి, వంకాయ రంగు మందుల చుక్క వేస్త. రక్ష ఉంటే రంగు విరిగి పసుపు పచ్చగ అయితది. ఎంత తొందరగ పచ్చబడితే అంత బలం. పాల పుట్టగొడుగు మంచిగనే పచ్చబడ్డది, చిప్ప పుట్టగొడుగు దానికన్న జర ముందు. కరివేపాకు చుక్క పడీ పడకముందే రంగు విరిచింది. పుదీనా దాని ఎంబడే. కొత్తిమీరకు ఎప్పుడూ బద్ధకమే, గానీ అది కూడా తన పని తాను చేసింది.

తర్వాత వండుకున్న. గంజు నిండ పుట్టగొడుగులు, పిడికెడు కరివేపాకు, పిడికెడు పుదీనా. కూసోని గంజులనే తిన్న, ఆకు, ఈనె అన్నీ నమిలి మింగిన. పళ్లెం ఎందుకు కడగాలె, ఎవరికి చూపియ్యాలె.

తిన్నంక డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆమె పేరు నుస్రత్. మంచి మనిషే, గానీ మాట సూటిగ ఉంటది.

"ఓదెమ్మా, నీ పరీక్షల ఏమొచ్చింది?"

"మంచిగనే వచ్చిందమ్మా. ఎప్పటిలెక్కనే."

"మరి వీళ్ల రక్తంల ఎందుకు పడిపోతున్నది? మీదికి పోయేటోళ్లే కాదు, ఇండ్లల్ల ఉన్నోళ్లవి కూడా చూసిన. అందరివి తగ్గినయి."

"నా పంటల తప్పు లేదు."

"నీ మందు పాతదయి ఉంటది. కొత్తది పంపుత, మళ్ల చూడు."

కొత్త సీసా టబ్బుల వచ్చింది. మళ్ల చూసిన. అదే రంగు, అదే పసుపు. ఫోన్ చేసి చెప్తే డాక్టరమ్మ నమ్మినట్టు అనిపియ్యలె. నమ్మకపోతే ఏం చేస్త, సంచులతోని సాక్ష్యం చెప్పియ్యాల్నా.

సంచులకు నీళ్లు కొట్టిన రోజు

డబ్బా, ఇయ్యాల నా ఊపిరి ఎగిరెగిరి పడుతున్నట్టు వినొస్తే భయపడకు. సంతోషం అది.

డాక్టరమ్మ చెప్పింది, ఇంకొక్కసారి రక్తాలు చూస్తదట. అప్పుడు కూడా తక్కువొస్తే పుట్టగొడుగుల విత్తనమే పాడైందని లెక్క. ఈ లెవెల్ మొత్తం సున్నం కొట్టి మూసేసి, కొత్త విత్తనంతోని వేరే లెవెల్ల మొదలుపెడుతరట. "నువ్వు ఇంటికొచ్చెయ్యి, వేరే మనిషిని చూసుకుంటం" అన్నది.

ఇంటికొచ్చెయ్యి.

పంటను తప్పుబడుతున్నరని కోపం రావాలె నాకు. రాలె. నిజం చెప్తున్న, రాలె. పంక్తిల కూసోని తినుడు ఒక్కటే కండ్ల ముంగట మెదిలింది. ఇండ్ల లెవెల్ల అందరం ఒక్కదగ్గరనే తింటం. నేల మీద వరుసగ కూసుంటే వంటాయన ఐలయ్య గంజు పట్టుకోని వడ్డిస్త వస్తడు. పక్కోళ్ల మోచెయ్యి మనకు తగులుతది. ఎవరో ఒకరు కూర ఉప్పు లేదంటరు, ఐలయ్య వినబడనట్టు ముందుకు పోతడు. ఆ మోచెయ్యి తగిలి ఎన్నేండ్లయిందో. చీరెలు మూటగట్టుకున్న. ఇంకా తేలకముందే మూటగట్టుకుంటున్నవా ఓదెమ్మా అని నన్ను నేనే తిట్టుకోని, అయినా మళ్ల విప్పలె.

విత్తనం చూసుకున్న రోజు

తిరుమల ఫోన్. గొంతు బాగలేదు. ఏమైందే అంటే, జట్టుల సారయ్య అనే ఆయనకు మొన్న మీదికి పోయొచ్చినంక చేతుల మీద పుండ్లు లేచినయట. ఎప్పుడూ లేస్తయి, ఎప్పుడూ మానుతయి. ఈసారి మానుతలెవ్వట. ఆయనను జట్టుల నుంచి తీసేసిండ్రు.

"మరి పలకలు ఎవరు తుడుస్తరు?"

"నేను పోత పెద్దమ్మా. ఇండ్లల్ల లైట్లు అప్పుడే సగానికి తగ్గించిండ్రు. ఎవరో ఒకరు పోవాలె గదా."

"నీ రక్తం కూడా తక్కువే గదనే."

"తక్కువే. అందరిది తక్కువే అయినప్పుడు ఎవరు పోతే ఏంది?"

చిన్నప్పటి నుంచి అంతే ఇది. పదిమందిల ఉన్నప్పుడు ముక్క చిన్నది తీసుకుంటది, నీళ్లు ఆఖర్న తాగుతది. మంచిగ పెంచినవని అందరూ నన్ను మెచ్చుకునేటోళ్లు. ఇయ్యాల ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఒళ్లు మండింది. "నువ్వు పోవద్దు" అన్న. అది నవ్వింది, నవ్వి ఫోన్ పెట్టేసింది.

కూసోని ఆలోచించిన. నా మందు కొత్తది, నా పంట మంచిది. నేను పంపిన టబ్బు నేరుగ ఐలయ్య వంటకే పోతది, నడుమల దోచుకునేటోళ్లు లేరు. ఉడికిస్తే పోతుందా అంటే, నేను కూడా ఉడికించే చూసిన, ఉండాల్సినంత ఉన్నది. మరి ఇక్కడ బయలెల్లిన రక్ష అక్కడి మనుషులల్లకు ఎందుకు చేరుతలేదు? తల పగిలిపోయింది, దారి దొరకలె.

ఎరువు వచ్చిన రోజు

ఐలయ్య మీద కోపం వచ్చింది, ఆ కోపమే మేలు చేసింది.

వంటలల్ల మిగిలింది, పళ్లేలల్ల వదిలింది అంతా ఇండ్ల లెవెల్ల గుంతల వేసి మురగబెట్టి, నల్లటి ఎరువు అయినంక నా ఆకుల మళ్లకు పంపుతరు. ఇయ్యాల టబ్బు మూత తీస్తే పచ్చి ఎంగిలి. గుంత నిండిందని ఐలయ్య మురగబెట్టకుండనే పంపిండు. వాసనకు ముక్కు మూసుకున్న. ఇది మళ్లల్ల వేస్తే వేర్లు కాలుతయి. దొరికిన తిట్టల్ల తిట్టుకుంట గంపలకు ఎత్తుతున్న.

ఎత్తుతుంటే ఆకులు వచ్చినయి. కరివేపాకు, రెబ్బలకు రెబ్బలు. పుదీనా ఆకు, కొత్తిమీర కాడ. నూనె పట్టి, ఉడికి, మెత్తబడి, ఒక్క పంటి గాటు లేకుండ ఉన్నయి. ఇంకో గంప ఎత్తిన, అందుల కూడా అవే. అడుగుదాక చూసిన. పుట్టగొడుగు ముక్క ఒక్కటి లేదు, మెతుకులు కూడా నాలుగే. నేను పంపిన ఆకులన్నీ మాత్రం నా దగ్గరికే తిరిగొచ్చినయి.

కడిగి, ఎండబెట్టి, మందుల వేసిన. వంకాయ రంగు ఇట్టే విరిగి పసుపు పచ్చగ అయింది.

ఐలయ్యకు ఫోన్ చేసిన.

"ఏమయ్యా, ఆకులు ఎందుకు పారబోస్తున్నవు?"

"నేనెందుకు పారబోస్తక్కా. కూరల వేస్తున్న. తినేటోళ్లు తీసి పళ్లెం అంచుకు పెడుతున్నరు."

"ఎనుకట తిన్నరు గదా?"

"ఎనుకట పొడికొట్టి వేసేది. పొడిని ఏరలేరు గదా. గ్రైండర్ మోటరు నీళ్ల పంపుకు కావాలని పట్టుకపోయిండ్రు. అప్పటి నుంచి ఆకు ఆకే వేస్తున్న."

"ఆకు ఆకే వేస్తే తినరా?"

"ఎట్ల తింటరక్కా, నీకు తెల్వదా? పదిమంది చూస్తుండంగ ఎవడు తింటడు?"

అప్పుడు యాదికొచ్చింది. తెల్వకపోవుడేంది, మా అమ్మ నా చేతి మీద కొట్టి మరీ నేర్పింది. భూమి మీది నుంచి దిగొచ్చిన కొత్తల ఆకులు దొరకుడే కష్టమట. ఎవరి పళ్లెంల ఆకు పడ్డా తీసి అంచుకు పెట్టేటోళ్లట, ఆ ఆకులన్నీ పోగుచేసి నూరి మీదికి పోయేటోళ్లకు పెట్టేటోళ్లట. తర్వాత పంట పెరిగింది, పోగుచేసుడు బందయింది. మర్యాద మాత్రం బందు కాలె. పంక్తిల ఆకు నమిలినోళ్లను ఆశపోతు అంటరు. మీదికి పోయేటోళ్లు కూడా, వాళ్ల కోసమే పుట్టిన మర్యాదకు మొహమాటపడి, వాళ్ల ఆకు వాళ్లే తీసి అంచుకు పెడుతున్నరు. నా తిరుమల అందరికన్న ముందు పెడుతుంటది, నాకు తెల్వదా.

మరి నేను? ఇక్కడికొచ్చిన కొత్తల కొన్నాళ్లు నేను కూడా తీసి అంచుకు పెట్టిన. తర్వాత చూసేటోళ్లు లేరు గదా అని తినుడు మొదలుపెట్టిన.

గంప ముంగట కూసున్న రోజు

చెప్పాలె. చెప్పకుండ కూసున్న.

ఎందుకంటే మూట అక్కడనే ఉన్నది, కండ్ల ముంగట. నోరు మూసుకుంటే లెవెల్‌కు సున్నం కొడుతరు, నేను ఇంటికి పోత, పంక్తిల కూసుంట. నోరు తెరిస్తే పంట మంచిదని తేలుతది, లెవెల్ ఉంటది, లెవెల్ ఉంటే నేనుంట. ఉగాది దాకనే గదా అనుకోవచ్చు. గానీ బాయిని నడిపే ఈ పెద్దలు నాకు ఎరుకే. బండి మంచిగ నడుస్తుంటే ఎద్దును మార్చరు.

ఇంకో మాట కూడా మనసుకు వచ్చింది. ఇంటికి పోయినంక చెప్తే ఏమైతది అని. పోయి పంక్తిల కూసోని మెల్లగ చెప్పొచ్చు గదా అని. అప్పటికి తిరుమల మీదికి పోయొచ్చి ఉంటది. దాని చేతులు నాకు కండ్లల్ల కదిలినయి. చిన్నప్పుడు ఆ చేతులకు గోరింటాకు నేనే పెట్టేదాన్ని, రాత్రంతా కదలకుండ పండుకునేది, ఎర్రగ పండాలని. ఆ చేతుల మీద మానని పుండ్లు పడ్డంక నేను పంక్తిల కూసోని ఏం తింట.

సగం పొద్దు అట్ల గడిచింది. ఇయ్యాల నీళ్లు కూడా చల్లలె. ఆఖరికి ఫోన్ ఎత్తిన.

మొత్తం చెప్పిన. డాక్టరమ్మ వినుకుంట వినుకుంట, "నీ రక్తం ఇయ్యి ఓదెమ్మా, నువ్వు కూడా ఇదే పంట తింటున్నవు, ఆకుతోని సహా తింటున్నవు. నీ రక్తం చెప్తది" అన్నది. వేలు గుచ్చుకోని, ఆమె పంపిన గొట్టంల రక్తం పట్టి టబ్బుల పెట్టి పంపిన. టబ్బు మలుపు తిరిగేదాక చూసిన. నాలుగు చుక్కలన్న ఇంటికి పోయినయి అనుకున్న.

మడి పెంచిన రోజు

నా రక్తం బాయి మొత్తంల అందరికన్న మంచిగున్నదట.

డాక్టరమ్మ సంతోషంగ చెప్పింది. "నువ్వు చెప్పింది నిజమే. పుట్టగొడుగుల రక్ష ఒక్కటే వీళ్ల రక్తంల చేరుతున్నది, ఆకులది మొత్తం ఎంగిలిల పోతున్నది. ఆకు తింటే జట్టు రక్తాలు వారాలల్లనే లేస్తయి. తిరుమలను అందాక ఆపుత." ఆ మాటకు నేను గోడకు ఆనుకోని కూసున్న. మంచిదమ్మా, మంచిది అన్న.

అయిపోయిందనుకున్న, ఇంకో మాట అన్నది.

"ఓదెమ్మా, ఆకులు ఇంక ఎక్కువ కావాలె. మళ్లు పెంచాలె. పెద్దలు కూసోని మాట్లాడుకున్నరు. కొత్త మనిషి వస్తే ఆ పొడి ఊపిరికి పడుతదో పడదో తెల్వదు, పని నేర్వాలె. నీ ఊపిరి మంచిగున్నది, రక్తం మంచిగున్నది. ఇంకొక వంతు నువ్వే ఉండాలంటున్నరు."

సరే అన్న. ఇంకేమంట. ఫోన్ పెట్టి, ఇగో, ఈ డబ్బా ముంగట కూసోని ఏడ్చిన. మాట్లాడాల్సిన టైముల మొత్తం ఏడ్చిన.

మిషిని మోగిందట. డాక్టరమ్మ మళ్ల ఫోన్ చేసింది. "ఊపిరి అడ్డం పడుతున్నదా? పిల్లికూత వస్తున్నదా?"

"లేదమ్మా. ఏడుస్తున్న."

"ఏమన్న మందు పంపాల్నా" అని అడిగింది. వద్దన్న.

తర్వాత పార పట్టుకోని మడి పెంచిన. కరివేపాకు కొమ్మలు తెంపి నాటిన. ఏడ్చుకుంట నాటినా బతుకుతది అది.

పంక్తిల ఫోన్ పెట్టిన రోజు

డాక్టరమ్మ చెప్తే వినలె ఎవ్వరూ. తల ఊపుడు, అన్నం కలుపుడు, ఆకు తీసి అంచుకు పెట్టుడు. రక్తం సంగతి అందరికీ తెలుసు, పుండ్లు అందరూ చూసిండ్రు. అయినా పక్కోడు చూస్తుండంగ నమలాలంటే దవడ కదలదు. తిరుమలను అడిగితే, "అందరూ తిన్నంక నేను తింట పెద్దమ్మా" అన్నది. నెత్తి కొట్టుకున్న.

"నన్ను పంక్తిల పెట్టు" అన్న ఐలయ్యతోని. కరెంటు దండుగ అని గునిసిండు గానీ, ఫోన్ తీసి నడుమల పెట్టి గొంతు పెద్దగ చేసిండు.

మొదట పళ్లేల సప్పుడు వచ్చింది. ఎవరో దగ్గిండ్రు. ఎవరో జరగమన్నరు. నేను మాట్లాడాల్సింది మర్చిపోయి అట్లనే విన్న.

"అక్కా, మాట్లాడు" అన్నడు ఐలయ్య.

"నేను ఓదెమ్మను" అన్న. "అందరి పళ్లేలల్ల ఆకు పడ్డదా?"

పడ్డదన్నరు.

"మొహమాటానికి పోతే కడుపైందట ఒకామెకు. మీ కత అట్లనే ఉన్నది. మీరు ఒకళ్ల కోసం ఒకళ్లు తీసి అంచుకు పెట్టిన ఆకు ఎవరికీ పోతలేదు, ఎంగిలి గంపల నా దగ్గరికొస్తున్నది. నేను ఇక్కడ ఇన్నేండ్ల సంది నమిలి మింగుతున్న. అవును, ఆశపోతునే. నా రక్తం ఎట్లున్నదో డాక్టరమ్మను అడుగుండ్రి. ఇంకొక వంతు ఉండమన్నరు నన్ను, ఆ ఆకు కోసమే ఉండమన్నరు. మీరు దాన్ని తీసి అంచుకు పెడితే నేను ఇక్కడ ఎందుకున్నట్టు?"

చెవి ఫోన్‌కు ఆనించి పెట్టిన.

"తిరుమలా."

"ఆ, పెద్దమ్మా."

"నములు బిడ్డా."

జరసేపటికి, "ఈనె గట్టిగున్నది" అన్నది. నోట్ల ముద్ద పెట్టుకోని మాట్లాడినట్టు ఉన్నది గొంతు. పక్కల ఎవరో నవ్విండ్రు. ఆ నవ్వినామెను "మరి నువ్వు?" అన్న. నవ్వు ఆగింది, నమిలింది. ఆ తర్వాత ఒక్కొక్కళ్లు మొదలుపెట్టిండ్రు. చేదని ఒకరు, వాసన మంచిగుందని ఒకరు. ఐలయ్య కూరల ఉప్పు లేదని ఇంకొకరు.

నేను కూడా గంజు ముంగట పెట్టుకోని తిన్న వాళ్లతోని.

చిప్ప పుట్టగొడుగు కోసిన రోజు

తిరుమల మీదికి పోయొచ్చింది. చేతులు చూపియ్యమంటే ఫోన్‌ల ఎట్ల చూపియ్యాలె పెద్దమ్మా అని నవ్వింది. ఎర్రబడినయట గానీ పుండు లేవలేదట. సారయ్యవి కూడా అంచులు మానుతున్నయట. ఇండ్లల్ల లైట్లు మళ్ల మంచిగ వెలుగుతున్నయట. డాక్టరమ్మ అందరి రక్తాలు చూసి సంతోషపడ్డది.

పంక్తిల ఫోన్ ఆ రోజు నుంచి రోజూ పెడుతున్నరు. నేను ఒక్కొక్కళ్లను పేరు పెట్టి పిలిచి అడిగేదాన్ని, ఆకు తిన్నవా అని. మొదట్ల అడగాల్సి వచ్చింది. ఇప్పుడు అడగకముందే తింటున్నరు. ఇప్పుడు నేను వాళ్ల ముచ్చట్లు వింట. ఎవరి బిడ్డ ఎవరితోని అలిగిందో నాకు ఎరుకే. మోచెయ్యి తగలదు, అంతే.

ఇయ్యాల తిన్నంక ఐలయ్య ఫోన్ దగ్గరికొచ్చిండు.

"అక్కా, ఇగ అందరూ తింటున్నరు. నువ్వు గెలిచినవు. ఫోన్‌కు కరెంటు ఎందుకు దండుగ అంటున్నరు పెద్దలు. రేపటి నుంచి పెట్టొద్దన్నరు."

కోసిన పుట్టగొడుగులు ఒళ్లె ఉన్నయి, వాటిని చూసుకుంట కూసున్న. నాకోసం పెట్టండి అని ఎట్లంట. నా కోసమని అడుగుడు మా అమ్మ నేర్పలె.

"అందరూ తింటలేరయ్యా" అన్న. "ఇంకా ఒకళ్లు తీసి అంచుకు పెడుతున్నరు. నాకు వినబడుతున్నది."

"ఎవరక్కా?"

"పేరు చెప్ప. సిగ్గుపడుతరు. నేను కనిపెట్టుకోని ఉంట, జర ఫోన్ ఉండనియ్యి."

పళ్లెం అంచుకు ఆకు పెడితే సప్పుడు ఎక్కడన్న వినబడుతదా. ఆయన ఏండ్లకేండ్లు వడ్డించినోడు, ఆయనకు తెల్వదా.

ఐలయ్య ఒకటి రెండు పళ్లేలు ఎత్తి పెట్టిన సప్పుడు వచ్చింది.

"నిజమే అక్కా" అన్నడు. "నాకు కూడా అనుమానంగనే ఉన్నది. పెద్దలతోని నేను చెప్త. రేపు కూడా పెడుత."